స్కీ ఆంటీ చెప్పిన అంకె

పోయిన ఆదివారం పొద్దున మా సస్కటూన్ తెలుగు స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో "స్కీ ఆంటీ ఇక లేరు" అని మెసేజ్ వచ్చింది. నిద్రలోనే పోయిందట. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడతాయని చూస్తున్నాను. రాలేదు. మొదట ఎవరో "158" అని పెట్టారు. తర్వాత ఇంకెవరో "170". ఇప్పుడు స్కార్‌బరోలో ఉంటున్న మా వంశీ "164" అని పెట్టి, పక్కన ఏడుస్తూ నవ్వే మొహం ఒకటి అతికించాడు. కాసేపట్లో గ్రూపు నిండా అంకెలే. మొన్న సెప్టెంబరులో దిగిన ఒక అమ్మాయి పాపం, "ఏంటండీ ఈ స్కోర్లు? పర్మనెంట్ రెసిడెన్సీ డ్రా స్కోరు ఇంత కిందికి పడిపోయిందా?" అని ఆశగా అడిగింది.

నేనూ నా అంకె టైప్ చేశాను గానీ పంపలేదు. ఫోను పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆ గ్రూపులో అందరికీ అంకెలు ఇచ్చింది ఆంటీ. ఆంటీకి అంకె ఇచ్చింది మాత్రం నేను. ఆవిడ ఇంకా కొండ దిగుతుందా, లేక స్కీలు అమ్మేసుకుని కిటికీ దగ్గర కూర్చుంటుందా అన్నది ఒక సాయంత్రం నేను చెప్పే ఆ ఒక్క మాట మీద ఆధారపడింది. ఈ సంగతి గ్రూపులో ఎవరికీ తెలియదు.

నాకు ఆవిడ పరిచయమైంది బస్‌స్టాప్‌లో. మన పిల్లలు కెనడాకి బస్సులెక్కి వస్తున్నట్టు దిగిన రోజులవి. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురం, ఒకటే బాత్రూం, ఫ్రిజ్‌లో ఎవరి పెరుగు డబ్బా మీద వాళ్ళ పేరు. నేను వచ్చి నెల దాటింది. అప్పటికే గాలి చెవులు కోస్తోంది. "ఒక సైజు పెద్దది తీస్కో బిడ్డా, లోపల స్వెటర్లు పడతయ్" అని మా అమ్మ వీడియో కాల్‌లో చెప్పినందుకు కొన్న కోటు వేసుకుని నిలబడ్డాను. ఆ కోటులో నాలాంటి వాళ్ళు ఇంకొకరు పడతారు. పక్కన నెరిసిన జుట్టు, ముదురు ఎరుపు టోపీ, సల్వారు కింద మంచు బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ నన్ను కింది నుంచి పైకి చూసింది.

"నూట నలభై ఆరు," అంది తెలుగులో.

ఆ నంబరు బస్సు ఇక్కడ ఆగుతుందా అని అడుగుతోందనుకుని, "తెలియదండీ, నేను కొత్త," అన్నాను.

"నీకేం తెలుస్తుందిలే. కోటు లోపల నువ్వెంత ఉన్నావో నాకే సరిగా తెలియట్లా. నూట నలభై ఆరంటే నీ స్కీ పొడుగు, సెంటీమీటర్లలో. నీ గడ్డం దాకా వస్తుంది. ఏ ఊరమ్మాయ్?"

"నిజామాబాద్ ఆంటీ. నాకు స్కీయింగ్ రాదు."

"రాదు కాబట్టే నలభై ఆరు. వస్తే యాభై నాలుగు చెప్పేదాన్ని," అని బస్సెక్కింది. సీట్లో కూర్చున్నాక, వెనక మన పిల్లలిద్దరు రూంలో వంట వంతుల గురించి పోట్లాడుకుంటుంటే చెవి అటు పడేసి, "ఈ ఊళ్ళో బస్సులో తెలుగు తిట్లు వినపడే రోజు వస్తుందని కలలో కూడా అనుకోలేదమ్మాయ్. ఎంత హాయిగా ఉందో!" అంది.

ఆవిడ పశువుల డాక్టరు. మా యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పి రిటైరైంది. సొంతూరు తెనాలి దగ్గర. మనుషుల పేర్లు ఆవిడకి నిలిచేవి కావు, అంకెలు మాత్రం మర్చిపోయేది కాదు. "ఆ నూట డెబ్భై ఒకటి ఎక్కడున్నాడు, ఉద్యోగం దొరికిందా?" అని అడిగేది. గుడిలో ఎవరో పెళ్ళి సంబంధం గురించి చెబితే, "అబ్బాయి నూట డెబ్భై ఆరు, అమ్మాయి నూట యాభై. బాగానే ఉంటుంది, ఒకే బండిలో పడతాయి," అంది. కారు మీద స్కీలు కట్టే సంగతి ఆవిడ మాట్లాడుతున్నది. పెళ్ళివారికి అర్థం కాలేదు.

స్కీలు ఎందుకు నేర్చుకున్నారని అడిగితే, "ఆర్నెల్లు కిటికీలోంచి చూసి చలిని తిట్టుకోవడం విసుగొచ్చింది," అనేది. అంతకంటే ఎక్కువ ఎప్పుడూ చెప్పలేదు, మేమూ గుచ్చి అడగలేదు.

ఏటా మంచు పడే ముందు ఊళ్ళో ఒక స్కూలు జిమ్‌లో పాత స్కీల అమ్మకం జరుగుతుంది. దానికి వారం ముందు ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో కొత్త పిల్లలకి కొలతలు. మాకది పండగ. వెళితే ఫ్రోజెన్ గోంగూరతో చేసిన పప్పు, వేడన్నం ఉండేవి. అన్నానికి ముందు పరీక్ష. తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి గడ్డం దగ్గర, ముక్కు దగ్గర, నుదుటి దగ్గర పెన్సిల్ గీతలు పెట్టేది. "గడ్డం దాకా నేర్చుకునేవాళ్ళకి. ముక్కు దాకా, కాస్త స్కీయింగ్ వచ్చినవాళ్ళకి. నుదురు దాటిందంటే వేగం పిచ్చోళ్ళకి." తర్వాత బరువు. మెషీను మీద తువ్వాలు కప్పి ఉండేది. మనం ఎక్కాక తన వైపు కొంచెం ఎత్తి తనొక్కతే చూసేది. అమ్మాయిలం సిగ్గుపడి తగ్గించి చెబుతామని ఆవిడకి తెలుసు. "బరువు ఎక్కువుంటే స్కీ కాస్త గట్టిది కావాలి, తక్కువుంటే మెత్తంది. అందుకే చూస్తా. బరువు నా దగ్గరే ఉంటుంది, అంకె నువ్వు పట్టుకెళ్ళు," అనేది. నిజంగానే ఎవరి బరువూ ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత నడిపించి చూసేది. పిక్కలు నొక్కేది. సంతలో ఎడ్లని చూసినట్టు చుట్టూ తిరిగి చూసేది. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలికి మేజోడు తొడుక్కోమనేది. అన్నీ అయ్యాక కుర్చీలో కూర్చుని, "భయమేస్తే ఏం చేస్తావ్?" అని అడిగేది. అసలు ప్రశ్న అదే. నాకు భయం లేదన్న మగపిల్లలకి అందరికంటే పొట్టి, అందరికంటే మెత్తటి స్కీ రాసేది. నన్నడిగినప్పుడు నిజమే చెప్పాను.

"ఎక్కడున్నదాన్ని అక్కడే కూర్చుండిపోతా ఆంటీ."

"మంచిది. కూర్చునేవాళ్ళకి మోకాళ్ళు మిగుల్తాయి," అంది. జీవితంలో నా పిరికితనాన్ని మెచ్చుకున్న మనిషి ఆవిడొక్కతే.

జిమ్‌లో ఆవిడ తీరు చూడాలి. మడత కుర్చీ, ఫ్లాస్కులో మిరియాల చారు, ఒళ్ళో చిన్న టేపు. మేం కంటికి నచ్చిన రంగువి ఎత్తుకొస్తే వాటిని పక్కన పెట్టించి ముందు బూట్ల దగ్గరికి తోలేది. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు తగలాలి, మోకాలు వంచితే కాస్త వెనక్కి రావాలి. "బూటు వదులైతే స్కీ నీ మాట వినదు. నువ్వు ఎడం అంటావ్, అది నీ మేజోడుతో మాట్లాడుకుంటూ ఉంటుంది." ఆ తర్వాతే స్కీ. దాని నడుమ్మీద చెయ్యి పెట్టి నొక్కి, ఎంత వంగుతుందో చూసేది. ఇనప అంచు మీద గోరు గీసి, గోటికి పొట్టు లేస్తే పదునుందనేది. ముందు కొన ఎంత పైకి లేచిందో ఒక కన్ను మూసి చూసేది. కొన బాగా లేచి ఉంటే తేలిగ్గా తిరుగుతుందట.

ఆల్ మౌంటెన్ స్కీ అంటే ఏంటని వంశీ అడిగాడు ఒకసారి. "మీ రూంలో ఎన్ని మూకుళ్ళున్నాయిరా?" అంది. ఒకటే అన్నాడు. "దాంట్లోనే పోపు, దాంట్లోనే వేపుడు, దాంట్లోనే నూడుల్స్. అవునా? ఇదీ అంతే. గట్టి మంచు, మెత్తటి మంచు, గడ్డలు కట్టిన మంచు, అన్నిటికీ ఒకటే. ఏ ఒక్కదానికీ గొప్పది కాదు, దేనికీ పనికిరాకుండా పోదు. పాదం కింద మరీ వెడల్పు తీసుకోకు, ఇక్కడంతా గట్టి మంచే, వెడల్పుది పక్కకి ఒరగడానికి బద్ధకిస్తుంది."

వంశీ అంతా విన్నాడు. విని, తన నుదురు దాటి బెత్తెడు పైకి ఉన్న స్కీలు కొన్నాడు. నూట ఎనభై నాలుగు. అదీ బాగా వచ్చినవాళ్ళ రకం, చెక్కలా గట్టివి. ఆంటీ చారు తాగడం ఆపి చూసింది.

"ఎందుకురా ఇవి?"

"నేర్చుకున్నాక ఎలాగూ ఇవే కావాలి కదా ఆంటీ. ముందే కొనేస్తే మళ్ళీ కొనక్కర్లేదు."

ఆంటీ మళ్ళీ చారు తాగడం మొదలెట్టింది. మన వాళ్ళం పుట్టిన దగ్గర్నుంచీ ఇంతే. స్కూలు బట్టలు కింద నాలుగు మడతలు పెట్టి కుట్టిస్తారు, చెప్పులు వేలెడు పెద్దవి కొంటారు, ఎదిగే పిల్లలు కదా అని. మా అమ్మ కోటు కథా అదే. మనకి ఏదీ ఇవాళ్టికి కొనే అలవాటు లేదు.

కొండ అంటే కొండ కాదు, మా ఊరికి రెండు గంటల దూరంలో లోయ అంచున ఒక గుట్ట. మొదటి శనివారమే వంశీ దానిమీంచి రైలు పట్టా మీద వచ్చినట్టు నేరుగా వచ్చాడు. తిప్పుదామంటే స్కీలు తిరగవు. గుట్ట పైకి మోసుకెళ్ళే లిఫ్టు దగ్గర వరసలో నిలబడ్డ జనం పక్కకి తప్పుకున్నారు, వాడు అక్కడ అడ్డంగా కట్టిన ప్లాస్టిక్ వలలో చేపలాగా చుట్టుకుపోయాడు. దెబ్బేం తగల్లేదు. ఆంటీ మెల్లగా వచ్చి వల విప్పుతూ, తిట్టకుండా చెప్పింది.

"పిల్లలకి లాగు ఎదుగుదలకి కుట్టిస్తాం, నిజమే. లాగు నిన్ను కిందికి లాక్కుపోదు కదరా. స్కీ ఎదుగుదలకి కొనకూడదు. ఇవాళ నువ్వెవరివో వాడికి కొనాలి."

ఆ మధ్యాహ్నమే వాడు నూట అరవై నాలుగుకి మారాడు. ఇప్పుడు వాడి అంకె పక్కన ఆ ఏడుస్తూ నవ్వే మొహం అందుకే.

ఆంటీ స్కీ చేస్తే చూడ్డానికి వింతగా ఉండేది. లేత నీలం రంగు పాతకాలపు సూటు. గాగుల్స్ పెట్టుకుంటే బొట్టు కనపడదని హెల్మెట్ ముందు భాగాన పెద్ద స్టిక్కర్ బొట్టు అతికించుకునేది. మలుపు వచ్చినప్పుడల్లా నాలికతో టక్ టక్ మని ఎడ్లని అదిలించినట్టు అదిలించేది. ఆ చప్పుడు దగ్గరవుతోందంటే ఆంటీ వస్తోందని మేం పక్కకి జరిగేవాళ్ళం. ఆవిడ స్కీలు ఎప్పటివో, ఆవిడ కంటే ఒక చెయ్యి పొడుగు. గరాజ్ గోడకి నిలబెట్టి ఉంటే, కొత్త పిల్లలు వాటిని దేవుడి ఆయుధాల్లా చూసేవారు.

నా చదువయి, ధాన్యం నాణ్యత చూసే ఒక ల్యాబులో ఉద్యోగం వచ్చాక, మూడో చలికాలం చివర్లో ఆంటీ పడింది. పెద్ద వేగమేం కాదు. మలుపు దగ్గర టక్ టక్ మంది, స్కీలు వినలేదు. ఎముకలేవీ విరగలేదు గానీ మంచులోంచి లేవడానికి చాలాసేపు పట్టింది. అందరూ చూశారు. కారులో ఇంటికి తీసుకొచ్చాం, నేను తోడుగా ఉండిపోయాను. రిచ్‌మండ్ హిల్‌లో ఉండే కూతురు ఆ రాత్రే ఫోన్ చేసింది. స్పీకర్లో నాకూ వినపడింది. "అమ్మా, ఎనఫ్. యూ హ్యాడ్ ఫన్. జస్ట్ సెల్ దెమ్, ప్లీజ్."

మరుసటి అక్టోబరులో కొలతలు ఎప్పటిలాగే జరిగాయి. పిల్లలందరూ పప్పు తిని వెళ్ళిపోయాక, నేను గిన్నెలు సర్దుతుంటే, ఆంటీ కుర్చీలోంచి అంది.

"నన్ను కొలువు."

నేను అర్థం కానట్టు చూశాను.

"అమ్మేద్దామా ఉంచుదామా అని ఎండాకాలమంతా ఆలోచించా. ముందు నేనెంతో తెలిస్తే కదా! మిగతావాళ్ళు నా మొహం చూసి పెంచి చెప్తారు. నువ్వు పిరికిదానివి, భయపడి నిజం చెప్తావ్. కానివ్వు. వరసలో కానివ్వు."

చేతులు తుడుచుకుని వచ్చాను. తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టాను. గడ్డం దగ్గర గీత పెట్టి, కొంచెం వెనక్కి జరిగి చూస్తే, ఆవిడ ఎంత తగ్గిపోయిందో అప్పుడు తెలిసింది. ఆవిడ వెనక్కి తిరిగి గీత చూసి, "ఓహో," అంది అంతే. తువ్వాలు కప్పిన మెషీను ఎక్కింది. నేను అంచు ఎత్తి చూసి మళ్ళీ కప్పేశాను.

"ఒంటికాలి మీద నిలబడండి ఆంటీ."

నిలబడి వాషింగ్ మెషీను పట్టుకుంది.

"అది పట్టుకోకూడదు."

"కొండ మీద ఉండదా?"

"ఉండదు ఆంటీ."

వదిలేసింది. ఊగింది, నిలదొక్కుకుంది, మళ్ళీ ఊగి కాలు దించింది. నేను కుర్చీ వేశాను. ఇక ఆఖరి ప్రశ్న ఒకటే మిగిలింది. ఆవిడని అది అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే, "అడుగు," అంది.

"భయమేస్తే ఏం చేస్తారు ఆంటీ?"

"మొన్న పడ్డప్పుడు వేసిందే అమ్మాయ్. ఇన్నేళ్ళలో మొదటిసారి. ఏం చెయ్యాలో తెలియలేదు. కూర్చోవాలని కూడా తోచలేదు."

అప్పుడు నేను అంకె చెప్పాను. గోడకున్న పాతవాటితో పోలిస్తే మోకాలి ఎత్తు తగ్గిపోయే అంకె అది. ఆవిడ మొహంలో రంగు మారింది. కూరగాయల దుకాణంలో లాగా బేరం మొదలెట్టింది, అయితే పైకి.

"ఇంకో పది కలుపు."

"కుదరదు ఆంటీ."

"పోనీ అయిదు. అయిదుకి ఏం మునిగిపోతుంది? ఇన్నేళ్ళ అలవాటు కదే."

"ఎదుగుదలకి కొంటున్నారా ఆంటీ?"

అనేశాక భయపడ్డాను. ఆవిడ నన్ను తేరిపార చూసింది. నేను ఆగలేదు. "గరాజ్‌లో ఉన్నవి అప్పటి మీకు కొన్నవి. అప్పుడు సరిపోయాయి. ఇవాళ మీరెవరో ఆవిడకి కొందాం. పొట్టివి, మెత్తటివి, కొన బాగా లేచినవి. వాటితో దిగొచ్చు మీరు. పాతవాటితో మాత్రం వద్దు."

తర్వాత ఆవిడ నడుం సవరించుకుని లేచింది.

"సరే. ఇవాళ్టి ఆవిడకే కొను. కానీ ఈ అంకె నీ దగ్గరే ఉండాలి. ఆ వెధవలెవరికైనా చెప్పావో, నీ బరువు గ్రూపులో పెడతా."

జిమ్‌లో ఆ పొడుగువి దొరకడం కష్టమైంది. చివరికి దొరికిన జత మీద ఊదారంగు పూలున్నాయి. ఆంటీ వాటిని చేత్తో నొక్కింది, గోరు గీసింది, ఒక కన్ను మూసి కొన చూసింది. ఒక్క లోపం దొరకలేదు. "పూలు కూడానా!" అంది బాధగా. ఇంటికొచ్చి అంకె ఉన్న చోట నల్ల టేపు అంటించింది. పూలని మాత్రం వదిలేసింది.

డిసెంబరులో ఒక బుధవారం, గుట్ట మీద జనం ఉండరని చూసుకుని, నేను ల్యాబుకి సెలవు పెట్టి తీసుకెళ్ళాను. ఎండ బాగా కాస్తోంది, మంచు పొద్దున్నే దున్ని చదును చేసి ఉంది. లిఫ్టు దిగాక ఆవిడ చాలాసేపు అంచున నిలబడింది. అంకె తప్పు చెప్పి ఉంటే ఏమిటి నా గతి? అలవాటు ప్రకారం మంచులో కూర్చుండిపోయాను.

ఆంటీ కదిలింది. టక్ టక్. స్కీలు విన్నాయి. ఇంకో మలుపు, టక్ టక్. ఎర్ర బొట్టున్న హెల్మెట్ అటూ ఇటూ తిరుగుతూ, చిన్న చిన్న మలుపులతో, ఎక్కడా తొందర లేకుండా కిందిదాకా వెళ్ళిపోయింది. నాకు సంతోషం పట్టలేక ఏడుపొచ్చింది. గాగుల్స్ లోపల తడిసి దారి కనపడక సగం దూరం కూర్చునే జారాను.

కింద ఆవిడ స్కీ కర్రల మీద వాలి, ఆయాసంతో నిలబడి, చాలా కోపంగా ఉంది.

"పదేళ్ళ కిందట ఎవరైనా చెప్పాల్సింది!"

"మీకెవరు చెప్తారు ఆంటీ?"

నవ్వింది. ఆ పూట ఇంకో మూడుసార్లు దిగింది. ఆ చలికాలమే కాదు, తర్వాత చలికాలం కూడా దిగింది. పిల్లలెవరైనా పూల స్కీల గురించి అడిగితే, మా మనవరాలివి, ఊరికే వేసుకొచ్చాననేది. కూతురు ఫోన్లో ఎనఫ్ అన్నప్పుడల్లా, "ఇవి వేరే స్కీలు లేవే, నీకు తెలియదు," అని నాకేసి కన్ను కొట్టేది. ఈ ఊళ్ళో నాకు దొరికిన సంతోషాల్లో అదొకటి. ఇంకా దాచుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నానికి కొత్తమ్మాయికి ఎవరో అంకెల సంగతి విడమరిచి చెప్పారు. ఆ అమ్మాయి, "మరి ఆంటీ గారిది ఎంత?" అని అడిగింది. తర్వాత ఊహలు మొదలయ్యాయి. నూట డెబ్భై అయిదుకి తక్కువ ఉండదన్నారొకరు. గరాజ్ గోడకున్నవి చూశాను, నూట ఎనభై ఖాయం అన్నాడు వంశీ. నువ్వెప్పుడూ ఆవిడతోనే ఉండేదానివి కదా, నీకు తెలుసా అని నన్ను అడిగాడు.

ముందు నా నూట నలభై ఆరు పంపించాను. ఆ తర్వాత, "నూట ఎనభై అయిదు" అని రాశాను. వంశీ అంకెకి కలిపింది, ఆ రోజు ఆంటీ అంత బతిమాలినా నేనివ్వని అయిదు.